అంతర్జాలంలో అక్షర రక్షణ

రాయడం ఒక కళ. రాసినదానిని కాపాడుకోవడం ఒక బాధ్యత. మొదటిదానిని గురించి మన విద్యాలయాలలో ఎంతో కొంత బోధన జరుగుతూనే ఉన్నది. రెండవదానిని గురించి ఆలోచించేవారు అరుదు. ముద్రణాలయాలు, గ్రంథాలయాలు ఉన్నవి గనుక ఒకప్పుడు రచయిత ఆ బాధ్యతను ఇతరులకు అప్పగించి నిశ్చింతగా ఉండగలిగాడు. అంతర్జాలం వచ్చిన తరువాత రచయితే ప్రచురణకర్త అయ్యాడు. రచయితే గ్రంథపాలకుడు కూడా కావలసి వచ్చింది. ఈ చివరి పాత్రను మనవారిలో చాలామంది గుర్తించలేదు. ఏళ్ళ తరబడి వ్యక్తిగత బ్లాగులను నిర్వహించినవారి అనుభవాన్ని పరిశీలిస్తే ఆ పాత్ర ఎంత ముఖ్యమైనదో బోధపడుతుంది.

బ్లాగు అంటే ఒక వ్యక్తి తేదీల వారీగా రాసుకొంటూ పోయే రచనల సంపుటి. కొత్త రచన పైన, పాతవి కింద ఉండడం దాని సాధారణ లక్షణం. అమెరికాలో జస్టిన్ హాల్ అనే విద్యార్థి 1994లోనే తన జీవిత విశేషాలను అంతర్జాలంలో రాయడం మొదలుపెట్టాడు. 1997లో జోర్న్ బార్గర్ ఇటువంటి పుటలకు ‘వెబ్‌లాగ్’ అని పేరు పెట్టాడు. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ ఆ మాటను సరదాగా విరిచి ‘బ్లాగ్’ అనే రూపాన్ని ఇచ్చాడు. అదే ఏడాది ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ ‘బ్లాగర్’ అనే సేవను ప్రారంభించడంతో కంప్యూటరు సంకేత భాష తెలియని సామాన్యుడు సైతం తన రచనను తానే ప్రచురించుకోగలిగాడు. 2003 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ దానిని కొనుగోలు చేసింది.

తెలుగువారికి ఈ అవకాశం కొంత ఆలస్యంగా అందింది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి స్థానం లభించినప్పటికీ, సామాన్యుల కంప్యూటర్లలో అది కనిపించడానికి పది సంవత్సరాలకు పైగా పట్టింది. అప్పటివరకు ప్రతి పత్రికా తనదైన ఫాంటును వాడుకొన్నది. ఒకరి ఫాంటులోని అక్షరాలు మరొకరి కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపించేవి. యూనికోడ్ వ్యాప్తిలోకి వచ్చి, ‘లేఖిని’ వంటి ఉపకరణాల ద్వారా ఇంగ్లీషు మీటలతో తెలుగు రాయడం సులభమైన తరువాత తెలుగు బ్లాగులు వెల్లివిరిశాయి. కూడలి, జల్లెడ, హారం వంటి సంకలినులు నాడు ఆ రచనలన్నింటినీ ఒకచోట చూపించాయి. హైదరాబాదులోని ఉద్యోగి, కోస్తాలోని గృహిణి, రాయలసీమలోని ఉపాధ్యాయుడు, అమెరికాలోని ఇంజనీరు ఒకే వరుసలో నిలిచి తమ ఊళ్ళను గురించి, వంటలను గురించి, చదివిన పుస్తకాలను గురించి, మాండలికాలను గురించి రాశారు. అచ్చుకు ఎన్నడూ నోచుకోని తెలుగు ఎంతో ఆ దశాబ్దంలో అక్షరరూపం ధరించింది.

ఇటువంటి వ్యక్తిగత రచనలకు విలువ ఏమిటని కొందరు ప్రశ్నిస్తారు. దానికి సమాధానం మన సాహిత్య చరిత్రలోనే ఉన్నది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారిలో తాను చూసిన ఊళ్ళు, సత్రాలు, నదులు, అంగళ్ళు, ఆచారాలు మొదలైన విశేషాలను తేదీల వారీగా రాసి ఎప్పటికప్పుడు మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపించాడు. ఆ మిత్రుడు వాటిని భద్రపరచి, రచయిత మరణానంతరం 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చు వేయించాడు. దానినే దిగవల్లి వేంకట శివరావు 1941లో పరిష్కరించి మళ్ళీ ప్రకటించాడు. నేడు అది ఆనాటి సమాజాన్ని అధ్యయనం చేసేవారికి ప్రామాణిక గ్రంథం. వీరాస్వామయ్య తన అనుభవాన్ని యథాతథంగా రాశాడు. శ్రీనివాసపిళ్ళె పోనీలే అని ఆ కాగితాలను పారవేయలేదు. ఈ రెండు పనులలో ఏది జరగకపోయినా మనకు ఆ పుస్తకం దక్కేది కాదు.

కాగితం మీది రాతకు శ్రీనివాసపిళ్ళె వంటి రక్షకుడు ఒక్కడు చాలును. పెట్టెలో పెట్టి మరచిపోయినా అది కొన్ని దశాబ్దాలు నిలుస్తుంది. అంతర్జాలంలోని రాతకు ఆ సౌలభ్యం లేదు. అది ఎవరిదో ఒక సర్వర్‌లో ఉంటుంది. ఆ సర్వర్ నడవాలంటే విద్యుత్తు, వేతనాలు, నిర్వహణ కావాలి. యజమానికి లాభం లేదని తోచిన నాడు అది ఆగిపోతుంది. 1994లో మొదలై లక్షలాది వ్యక్తిగత పుటలకు నిలయమైన జియోసిటీస్‌ను 1999లో యాహూ కొన్నది. 2009 అక్టోబరు 26న దానిని మూసివేసింది. 2008లో మొదలైన పోస్టరస్‌ను 2012లో ట్విట్టర్ కొనగా, 2013 ఏప్రిల్ 30న అది కనుమరుగైంది. 2003లో మొదలైన టైప్‌ప్యాడ్ ఇరవై రెండేళ్ళు నడిచి 2025 సెప్టెంబరు 30న మూతపడింది. ఆదాయం లేని చిన్న సంస్థలకే ఈ గతి పడుతుందని అనుకోరాదు. గూగుల్ వంటి సంపన్న సంస్థ సైతం తన ఆర్కుట్‌ను 2014లోను, గూగుల్ ప్లస్‌ను 2019లోను ముగించింది.

ఈ నష్టం ఎంత విస్తృతమైనదో ఒక అధ్యయనం వెల్లడించింది. అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో ప్రకటించిన వివరాల ప్రకారం, 2013 నాటి వెబ్ పుటలలో 38 శాతం పదేళ్ళ తరువాత చూస్తే అందుబాటులో లేవు. పదేళ్ళలో మూడవవంతుకు పైగా పుస్తకాలు మాయమైతే ఆ గ్రంథాలయాన్ని మనం ఏమంటాము? అంతర్జాలంలో ఒకసారి పెట్టినది ఎన్నటికీ చెరగదనే మాట లోకంలో ప్రచారంలో ఉన్నది. మనం చెరిపివేయాలనుకొన్నది మిగలవచ్చు, ఉండాలనుకొన్నది పోవచ్చు. కనుక ఆ మాటను నమ్మి నిద్రించడం వివేకం కాదు.

అందువల్ల దీర్ఘకాలం నిలవదలచిన బ్లాగుకు వలస తప్పదు. పదిహేనేళ్ళో ఇరవై ఏళ్ళో నడిచిన బ్లాగులలో ఒక్కసారైనా వేదిక మారనివి తక్కువ. వేదిక మారడాన్ని కొందరు చాంచల్యంగా భావిస్తారు. నా దృష్టిలో అది పూర్వీకుల ప్రతిలేఖనం వంటి పుణ్యకార్యం. తాళపత్రం చిరంజీవి కాదు. చెదలు, తేమ, నిప్పు దానికి శత్రువులు. నన్నయ, తిక్కనల వాక్కు మన వరకు వచ్చిందంటే ప్రతి తరంలోను ఎవరో ఒకరు గంటం పట్టి పాత ఆకును చూసి కొత్త ఆకు మీద రాయడమే కారణం. పంతొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన సొంత ధనంతో పండితులను నియమించి, ఊరూరా వెదికించి, వందలాది గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరణలు నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. పాత ఆకు నశించక ముందే కొత్త ఆకు సిద్ధం కావాలన్నది ఆ లేఖకుల నియమం. వేదిక మూతపడక ముందే కొత్త చోటు సిద్ధం కావాలన్నది బ్లాగరి నియమం కావాలి.

ఈ సందర్భంలో ఒక చారిత్రక విశేషం గమనార్హం. అమెరికాలో మ్యాట్ ముల్లెన్‌వెగ్ అనే యువకుడు 2003లో ‘బి2’ అనే సాఫ్ట్‌వేరుతో తన బ్లాగును నడుపుకొంటున్నాడు. దానిని తయారుచేసిన వ్యక్తి పనిని ఆపివేయడంతో తన బ్లాగు భవిష్యత్తు ఏమిటన్న చింత అతనికి కలిగింది. ఆ చింతను బ్లాగులోనే రాశాడు. ఇంగ్లండుకు చెందిన మైక్ లిటిల్ తానూ తోడు వస్తానన్నాడు. బి2 మూలసంకేతాన్ని ఎవరైనా వాడుకొని సవరించుకొనే స్వేచ్ఛ ఉన్నందువల్ల వారు దానినే ఆధారంగా చేసుకొని 2003 మే 27న ‘వర్డ్‌ప్రెస్’ను విడుదల చేశారు. నేడు ప్రపంచంలోని అసంఖ్యాకమైన వెబ్‌సైట్లకు అదే ఆధారం. ఒక బ్లాగరి తన రాతలు ఏమైపోతాయోనని పడిన ఆరాటం నుండి అంత గొప్ప సాధనం పుట్టింది. మూలసంకేతం అందరికీ తెరిచి ఉన్న సాధనానికి, ఒకే సంస్థ గుప్పిట్లో ఉన్న సాధనానికి గల భేదం కూడా దీనివల్ల స్పష్టమవుతుంది. మొదటిదానిని ఒకరు వదిలినా మరొకరు అందుకోగలరు. రెండవదానిని యజమాని వదిలితే అందుకొనేవారు ఉండరు.

అయితే వలస అంటే మూటాముల్లె సర్దుకొని బయలుదేరినంత తేలిక కాదు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ వంటివి రచనలన్నింటినీ ఒక ఫైలుగా దించుకొనే సౌకర్యాన్ని కల్పించాయి. కాని ఆ ఫైలులో అక్షరాలు ఉంటాయే గాని బొమ్మలు ఉండవు. బొమ్మలు ఉన్న చోటును తెలిపే చిరునామాలు మాత్రమే ఉంటాయి. పాత వేదిక మూతపడితే ఆ చిరునామాలు వట్టిపోతాయి. తాతగారి ఫోటో ఉండవలసిన చోట ఖాళీ గడి మిగులుతుంది. బొమ్మలను విడిగా దించుకొని, సరిచూసుకొన్న తరువాతనే పాత ఇంటికి తాళం వేయాలి.

తెలుగు బ్లాగరులకు అదనపు చిక్కులు కూడా ఉన్నాయి. యూనికోడ్‌ను గుర్తించని పాత డేటాబేసు నుండి అక్షరాలను అజాగ్రత్తగా తరలిస్తే తెలుగు వాక్యాలన్నీ ప్రశ్నార్థకాల వరుసలుగా మారిపోతాయి. ఇంగ్లీషు రచనకు ఈ ప్రమాదం దాదాపు లేదు గనుక సాధనాలను తయారుచేసేవారు దీనిని గుర్తించడం ఆలస్యమైంది. చిరునామాల సంగతి మరొకటి. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్ దానిని వదిలివేసి, రచనకు ఒక సామాన్య నామాన్ని, అంకెను తగిలిస్తుంది. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను స్వీకరిస్తుంది గాని ఒక్కొక్క సంకేతం తొమ్మిది గుర్తులుగా విస్తరిస్తుంది. ‘తెలుగు’ అనే చిన్న మాటలో హల్లులు, అచ్చుల గుర్తులు కలిపి ఆరు సంకేతాలు ఉన్నాయి. చిరునామాలో అవి 54 గుర్తులవుతాయి. ఆ భాగానికి 200 గుర్తుల పరిమితి ఉన్నందువల్ల పొడవైన శీర్షిక మధ్యలోనే తెగుతుంది. ఇల్లు మారిన ప్రతిసారీ రచనల చిరునామాలు తారుమారవుతాయి. ఇతరులు తమ వ్యాసాలలో ఇచ్చిన లంకెలన్నీ తెగిపోతాయి.

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయమై ఒక వ్యాసం రాశాడు. చిరునామాలు తమంతట తాము మారవు, మనుషులే వాటిని మారుస్తారన్నది దాని సారాంశం. దీనికి ఉపాయం లేకపోలేదు. రచయిత తన సొంత డొమైను పేరును నమోదు చేసుకొని, ఏటేటా రుసుము చెల్లిస్తూ ఉంటే వేదిక మారినా పేరు మారదు. లోపలి చిరునామాలు మారినచోట పాతదానిని అడిగిన పాఠకుని కొత్తదానికి శాశ్వతంగా మళ్ళించే ఏర్పాటు కూడా ఉన్నది. పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చి వెళ్ళిన గృహస్థుడు ఎలాగో, ఈ ఏర్పాటు చేసిన బ్లాగరి అలాగు. తనను వెదుక్కొంటూ వచ్చేవారి పట్ల అతనికి గౌరవం ఉన్నదని అర్థం.

కష్టపడితే ఈ పని సాధ్యమేనని నిరూపించిన ఉదాహరణ మన భాషలోనే ఉన్నది. అమెరికాలోని తెలుగువారి చొరవతో 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక తొలి సంచికలు యూనికోడ్‌కు ముందటి పద్ధతిలో వెలువడ్డాయి. నిర్వాహకులు వాటిని ఆ స్థితిలోనే వదలివేయక యూనికోడ్‌లోకి మార్చారు. ఫలితంగా ఆ తొలి సంచికలను కూడా నేటి పాఠకుడు ఏ సెల్‌ఫోనులోనైనా చదువుకోగలడు. ఆ పత్రికతోపాటు పుట్టిన పుటలు ఎన్నో నామరూపాలు లేకుండా పోయాయి. వాటికి, దీనికి గల తేడా శ్రద్ధలోనే ఉన్నది.

ఈ వాదానికి కొన్ని అభ్యంతరాలు రావచ్చు. నేడు అందరూ సామాజిక మాధ్యమాలలో రాస్తున్నారు గదా, బ్లాగు ఎందుకని కొందరు అంటారు. నలుగురికీ త్వరగా చేరడానికి సామాజిక మాధ్యమం మేలైనదే. కాని అది ప్రవాహం. నిన్న రాసినది నేడు కనపడదు. అయిదేళ్ళ కిందటి రచనను వెదికి తీయడం రచయితకే దుస్సాధ్యం. ఎవరికి ఏది చూపించాలో నిర్ణయించేది కూడా రచయిత కాదు. సంతలో మాట్లాడవద్దని ఎవరూ అనరు. సంతలో చెప్పిన మంచి మాటను ఇంటికి వచ్చి పుస్తకంలో రాసుకోవాలని మాత్రమే నా విన్నపం.

రాసినదంతా దాచవలసిన పని లేదని, మరపు కూడా మనిషికి వరమేనని మరికొందరు అంటారు. ఇందులో నిజం ఉన్నది. ఇరవై ఏళ్ళ వయసులో ఆవేశంగా రాసినది నలభై ఏళ్ళప్పుడు తొలగించే హక్కు రచయితకు ఉన్నది. అయితే రచయిత విచక్షణతో తీసివేయడం వేరు, సంస్థ లాభనష్టాల లెక్కలో కొట్టుకొనిపోవడం వేరు. మొదటిది ఎంపిక, రెండవది ప్రమాదం. పైగా ఏది విలువైనదో రాసిన నాడు తెలియదు. సంక్రాంతికి అమ్మమ్మ చేసిన అరిసెల పాకం గురించి రాసిన రెండు పేరాలు, నేడు వాడుక తప్పిన ఒక మాండలిక పదానికి ఏకైక సాక్ష్యం కావచ్చు. కనుక తీసివేసేటప్పుడు కూడా ఒక ప్రతిని తన వద్ద ఉంచుకోవడం మంచిది.

బ్లాగు వేషభాషలు మార్చడంలోనే కాలం గడిపి రాయడమే మానుకొనేవారు ఉన్నారన్నది మూడవ అభ్యంతరం. దీనిని నేను పూర్తిగా అంగీకరిస్తాను. కొత్త వేదిక కంటికి ఇంపుగా ఉన్నదన్న కారణంతో వలస పోరాదు. పాత వేదిక మూతపడనున్నప్పుడు, రచనలను దించుకొనే స్వేచ్ఛను అది నిరాకరించినప్పుడు, తెలుగును సక్రమంగా చూపలేనప్పుడు మాత్రమే కదలడం యుక్తం. మిగిలిన కాలమంతా రాయడానికే వినియోగించాలి. డేవ్ వైనర్ 1990 దశకంలో మొదలుపెట్టిన బ్లాగు మూడు దశాబ్దాల కాలం నడవడానికి సాధనాలపై మోజు ఒక్కటే కారణం కాదు, నిత్యం రాయాలన్న దీక్ష ముఖ్య కారణం.

తరలించేటప్పుడు పాటించవలసిన నీతి కూడా ఒకటి ఉన్నది. పాఠకుల వ్యాఖ్యలు బ్లాగరి సొత్తు కావు. తమకు అనుకూలమైనవి ఉంచుకొని, విమర్శలను దారిలో జారవిడవడం న్యాయం కాదు. తొలి ప్రచురణ తేదీలను యథాతథంగా నిలపాలి. పాత రచనలో తప్పు కనిపిస్తే మాటమాత్రం లేకుండా దిద్దక, ఫలానా తేదీన సవరించామని కింద తెలపాలి. చరిత్రకు ఆధారం కాదగిన రాతకు నిజాయితీయే ప్రాణం.

చివరగా ఆలోచించవలసినది రచయిత తదనంతరం సంగతి. డొమైను రుసుము ఒక్క ఏడాది చెల్లించకపోతే పాతికేళ్ళ కృషి చిరునామా కోల్పోతుంది. 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ ప్రపంచంలోని వెబ్ పుటల ప్రతులను సేకరిస్తూ ఎంతో ఉపకారం చేస్తున్నది. కాని అది అన్నింటినీ పట్టి ఉంచలేదు. పొలం పత్రాలు, బీరువా తాళాలు ఎక్కడ ఉన్నాయో ఇంటివారికి చెప్పి ఉంచినట్లే, రచనల ప్రతి ఎక్కడ ఉన్నదో, దానిని ఏమి చేయాలో నమ్మకమైనవారికి రాసి ఇవ్వాలి. మేలైన రచనలను ఎంచి అచ్చు వేయించి ఒకటి రెండు గ్రంథాలయాలకు పంపడం మరింత క్షేమం. కొత్త సాధనానికి పాత సాధనం తోడుండడంలో తప్పులేదు.

ఈ బాధ్యత ప్రస్తుతం విద్యార్థి దశలో ఉన్నవారిపై ఎక్కువగా ఉన్నది. రేపటి తెలుగులో అధికభాగం రాసేది వారే, అదంతా పుట్టేది తెర మీదనే. రాయదలచినవారు తొలిరోజు నుండే ప్రతి రచనకు ఒక ప్రతిని తమ కంప్యూటరులోను, మరొకదానిని వేరొక చోటను ఉంచుకోవాలి. ఏ వేదికలోనైనా చేరక ముందు, రాసినదంతా తిరిగి తీసుకొనిపోయే వీలు ఉన్నదా అని విచారించాలి. ఇంట్లోనో, బంధువులలోనో పాత బ్లాగును వదిలివేసిన పెద్దలు ఉంటే ఆ రచనలను దించి భద్రపరచడానికి ఒక ఆదివారం కేటాయించాలి. శ్రీనివాసపిళ్ళె తన మిత్రుని ఉత్తరాలకు చేసిన ఉపకారం అంతకన్న వేరు కాదు.